సువార్తమ్మ ముఖాన పెన్సిల్ గీతలు

నా పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలుందనగా, ఆషాఢమాసం చివర్లో, నన్ను రీటచింగ్ బల్ల దగ్గర నుంచి స్కానింగ్ విభాగానికి మార్చారు. మార్చారు అనడం మర్యాదకే. విజయవాడ వన్ టౌన్‌లోని మా స్టూడియోలో రీటచింగ్ బల్ల మీద కొరియర్ కవర్లు పెట్టుకోవడం మొదలై అప్పటికే పదిహేనేళ్లు దాటింది. హాజరు పట్టీలో మాత్రం నా పేరు పక్కన ‘సీనియర్ రీటచర్’ అనే ఉండేది. జూనియర్ రీటచర్ లేని చోట సీనియర్ ఏమిటని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

కొత్త విభాగం పని ఇది. ఇనుప బీరువాల్లో ఉన్న పాత బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా స్కాన్ చేసి కంప్యూటర్‌లో భద్రపరచాలి. పాత ఫొటో పట్టుకుని ఎవరైనా వస్తే నంబరు చూసి నెగటివ్ వెతికి, స్కాన్ చేసి, కావలసిన సైజులో ప్రింటు ఇవ్వాలి. విభాగంలో ఉన్నది ఇద్దరం. స్కానర్ ఆపరేటర్ నాగేష్, నేను. నాగేష్‌ది మైలవరం. ముప్పై ఆరేళ్లుంటాయి. రోజూ బస్సులో వచ్చి, వచ్చీ రాగానే స్కానర్ గాజును బిడ్డ మొహం తుడిచినట్టు తుడిచేవాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మాకు ఆరు వారాలు కూడా పట్టలేదు. నేను అతనికి నెగటివ్ వెలుగుకు పెట్టి చదవడం నేర్పాను, అతను నాకు మౌస్ పట్టుకోవడం నేర్పాడు.

రీటచింగ్ అంటే ఏమిటో ఇప్పటి పాఠకులకు చెప్పాలి. నెగటివ్‌లో అంతా తలకిందులు. వెలుగు నల్లగా ఉంటుంది, నీడ తేటగా ఉంటుంది. ముఖం మీద చిన్న గుంట ఉంటే అందులో పడిన నీడ నెగటివ్‌లో తేట చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్కను పెన్సిల్‌తో నింపేస్తే ప్రింటులో నీడ పోయి చర్మం చదునవుతుంది. పెన్సిల్ పట్టడానికి నెగటివ్ మీద ముందుగా మీడియం అనే పల్చటి వార్నిష్ రాసేవాళ్లం. పెన్సిల్ ముల్లును గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, భూతద్దంలో చూస్తూ, కామా కంటే చిన్న గీతలు పెట్టేవాళ్లం. వెలుగు ఎక్కువై నెగటివ్‌లో మరీ నల్లగా ఉన్నచోట పెన్సిల్ పనికిరాదు. అక్కడ చిన్న కత్తితో పై పొరను గీకాలి. పెన్సిల్‌తో చేసిన తప్పు తుడిస్తే పోతుంది, కత్తితో చేసింది పోదు. అందుకే కొత్తవాళ్లకు మూడేళ్ల దాకా కత్తి ఇచ్చేవాళ్లు కాదు. నాకు ఏడాదిన్నరకే ఇచ్చారు. ఈ మాట అవకాశం దొరికినప్పుడల్లా చెప్పుకోవడం నాకు అలవాటు.

మా స్టూడియోలో ఒక ఆచారం ఉండేది. ఎవరూ అడగకపోయినా సరే, ముఖం మీద మచ్చ కనిపిస్తే తీసేయడమే. పెళ్లిచూపుల ఫొటో అయినా, పరీక్ష దరఖాస్తు ఫొటో అయినా ఒకటే న్యాయం. దరఖాస్తులో ‘కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ’ అని గుర్తు రాసుకుని, ఫొటోలో బుగ్గ మీద ఏమీ లేక, లబోదిబోమంటూ వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు మళ్లీ పుట్టుమచ్చ పెట్టి పంపేవాళ్లం. అంతే తప్ప, ఇకనుంచి అడిగి తీద్దామని మాకెవరికీ తోచలేదు.

శ్రావణంలో ఒక సోమవారం కరుణకుమారి గారు వచ్చారు. కంకిపాడు దగ్గరి పల్లె వాళ్లది. ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. నూలు చీర, చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి, అట్టకు అంటించిన పాత ఫొటో ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అట్ట వెనక మా స్టూడియో ముద్ర, నంబరు స్పష్టంగా ఉన్నాయి. అది వాళ్లమ్మ సువార్తమ్మ గారిది. తల్లికి ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. కరుణకుమారి గారికి టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చినప్పుడు తల్లీకూతుళ్లు బస్సెక్కి వచ్చి తీయించుకున్నారట. ఆ ట్రైనింగ్ పూర్తవకముందే తల్లి జ్వరంతో పోయింది.

సువార్తమ్మ గారు పొలం కూలి. చదువు రాదు. కానీ సాయంత్రమయ్యేసరికి తన పాకలో పిల్లల్ని కూర్చోబెట్టి, పెద్ద తరగతుల వాళ్ల చేత చిన్నవాళ్లకు పాఠాలు చెప్పించేదట. అక్కడ చదువుకున్న పిల్లల్లో చాలామంది ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. వాళ్లంతా కలిసి ఇప్పుడు చర్చి పక్కన ఒక పఠన మందిరం కట్టించి ఆవిడ పేరు పెడుతున్నారు. వచ్చే ఆదివారం కాక పైఆదివారం ప్రారంభం. గోడకు పెట్టడానికి పెద్ద ఫొటో కావాలి. కరుణకుమారి గారు ఇదంతా టీచర్లు చెప్పే తీరులో వరసగా చెప్పి, “గురువారం రమ్మంటారాండీ?” అని అడిగి వెళ్లారు.

నెగటివ్ అరగంటలో దొరికింది. అరచేతి కంటే కొంచెం పెద్దదైన కట్ ఫిల్మ్, వెన్న కాగితం కవరులో చెక్కుచెదరకుండా ఉంది. కవరు మూల ఎర్ర సిరాతో ‘రా.ల.’ అని ఉంది. అంటే రాజ్యలక్ష్మి, అంటే నేనే. రీటచ్ చేసినవాళ్లు పొడి అక్షరాలు వేయాలన్నది రూలు. నెగటివ్‌ను లైట్ బల్ల మీద పెట్టి నాగేష్‌ను పిలిచాను. “ముఖమంతా పనే. నూరు చుక్కలు నింపి ఉంటాను. ఒక్క గీతైనా కనపడుతోందా చెప్పు” అన్నాను. అతను భూతద్దంలో చూసి, నిజంగానే దండం పెట్టాడు. ఆవిడ నాకు గుర్తున్నారని మాత్రం చెప్పలేను. అప్పట్లో రోజుకు పన్నెండు ముఖాలు నా బల్ల మీదుగా వెళ్లేవి. అందులో ఒకటి.

నాగేష్ స్కాన్ చేశాడు. తెర మీద ముఖం పాలమీగడలా వచ్చింది. అట్ట మీది పాత ప్రింటు కంటే నున్నగా ఉంది. అది నా చేతి చలవే అనుకుని మురిసిపోయాను. ఇంత పెద్దది చేసినా నిలిచే పని చేశానని ఇంటికెళ్లి మా ఆయనకు కూడా చెప్పాను.

గురువారం కరుణకుమారి గారు ప్రింటును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీద పెట్టి, “ఇందులో ఇంకా నున్నగా ఉందండీ” అన్నారు. ఆ మాట మెచ్చుకోలులా లేదు. ఏమైనా లోపమా అని అడిగాను. ఆవిడ కాసేపు తటపటాయించారు. ఎదుటివాళ్లను నొప్పించకుండా బతికిన మనిషని చూస్తేనే తెలుస్తోంది.

“మా అమ్మకి చిన్నప్పుడు స్ఫోటకం వచ్చిందండీ. ముఖమంతా గుంటలే. ఎడమ కనుబొమ పక్కన ఒకటి పెద్దది. పడుకునేటప్పుడు అందులో వేలు పెట్టుకుంటే గాని నాకు నిద్ర వచ్చేది కాదు” అన్నారు. చెబుతూ కళ్లు మూసుకుని, తన కనుబొమ పక్కన వేలి కొన ఆనించుకున్నారు. “అమ్మ పోయాక ఉన్నది ఈ ఫొటో ఒక్కటే. చూసీ చూసీ ఇప్పుడు అమ్మని తలుచుకుంటే ఈ ఫొటోనే వస్తోందండీ. అమ్మ రావట్లేదు. రెండు మూడేళ్లుగా మరీను. వేలికి గుర్తుంది, కంటికి లేదు.”

కవరు తీసి మూలనున్న అక్షరాలు చూపించి, ఆ ‘రా.ల.’ నేనేనని చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ నా చేతుల వంక చూశారు. “మీరేనా అమ్మా! మా అమ్మ ఆ ఫొటో పట్టుకుని నాలుగు వీధులూ తిరిగిందండీ. స్టూడియో వాళ్లు నాకు కొత్త తోలు వేశారర్రా అని ఒకటే నవ్వు. అందుకే ఇన్నేళ్లూ నేను నోరెత్తలేదు. అది మీరు అమ్మకి ఇచ్చింది. నాకు కావలసింది వేరే” అన్నారు.

ఆ క్షణంలో నాకు సిగ్గూ, ఊరటా రెండూ కలిగాయి. ఏది ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

ఇక చేయవలసిన పని. పెన్సిల్‌ను మీడియంతో సహా టర్పెంటైన్‌తో కడిగేయవచ్చు. కింద అసలు ముఖం ఉంటుంది. కానీ నలభై ఏళ్ల ఫిల్మ్. మీడియం బొమ్మ ఉన్న పొరను పట్టుకుని ఉంటే, కడిగినప్పుడు ముఖమే లేచి రావచ్చు. ఉన్నది ఒక్కటే నెగటివ్. అదీ కాక, నెగటివ్‌లకు ద్రావకాలు తగలనివ్వరాదని యజమాని గారి రూలు. ఆయనను అడిగితే, కస్టమరు కాగితం మీద రాసిస్తే సరేనన్నారు. పోతే ఏమీ మిగలదని కరుణకుమారి గారికి విడమరిచి చెప్పాను. ఆవిడ నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. “మీ చేత్తో మీరే తీయండమ్మా” అన్నారు.

కడగకముందు ఉన్నది ఉన్నట్టు ఒక స్కాన్ తీసి దాచుకుందామని నాగేష్ అన్నాడు. తీసేటప్పుడు అతని చెయ్యి మధ్యలో ఆగిపోయింది. సోమవారం నాటి స్కాన్‌లో దుమ్ము తొలగించే ఆప్షన్‌కు టిక్కు పెట్టి ఉందట. కలర్ నెగటివ్‌లకు అది వరం. కంటికి కనపడని కిరణాలు రంగుల గుండా దూసుకుపోతాయి, దుమ్ము దగ్గర ఆగుతాయి. ఎక్కడ ఆగితే అక్కడ యంత్రం చెరిపేసి పక్క చర్మంతో పూడ్చేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ అలా కాదు. అందులో బొమ్మంతా వెండి రేణువులే. కిరణాలు వెండి దగ్గరా ఆగిపోతాయి. యంత్రం ఆ మనిషినే దుమ్మనుకుని తుడిచేసింది. నేను మురిసిపోయిన మీగడ నా పనితనం కాదు. నాగేష్ నా వైపు చూడకుండా “సారీ మేడమ్” అన్నాడు. నువ్వు ఒక్కసారి తుడిచావు, నేను నూరుసార్లు తుడిచాను, ఎవరు ఎవరికి చెప్పుకోవాలి అన్నాను.

టిక్కు తీసేసి సరైన స్కాన్ తీశాం. శుక్రవారం ఉదయం, నా పాత బల్ల మీది కొరియర్ కవర్లు పక్కకు నెట్టి కూర్చున్నాను. దూదిని టర్పెంటైన్‌లో తడిపి, పిండి, ముందు ఫిల్మ్ అంచున నొక్కి చూశాను. పొర లేవలేదు. తర్వాత చెంప మీద, ఒత్తకుండా, గుండ్రంగా తుడిచాను. దూదికి బూడిదరంగు అంటింది. ఇరవై రెండేళ్లప్పుడు నేను ఓపిగ్గా కూర్చుని పెట్టిన గీతలు నాలుగు దూది ఉండలకు అంటుకుని వచ్చేశాయి. వెలుగుకు పెట్టి చూస్తే ముఖం నిండా తేట చుక్కలు, చిరుజల్లు పడిన మన్నులా. ఆవిడను నేను మొదటిసారి చూసింది అప్పుడేనని చెప్పాలి. నలభై ఏళ్ల క్రితం చూసింది మచ్చలను మాత్రమే.

కనుబొమ పక్కన మాత్రం తేడా వచ్చింది. గుంటకు నీడ ఒక్కటే ఉంటే సరిపోదు, గట్టు మీద వెలుగు కూడా ఉండాలి. ఆ పెద్ద గుంట గట్టు వెలుగును నేను కత్తితో గీకేశాను. నీడ వచ్చింది గాని, గట్టు లేని గుంట ఉత్త మరకలా కనిపిస్తోంది. కూతురు వేలు పెట్టుకున్న చోటే అది. ఏడాదిన్నరకే కత్తి ఇచ్చారని గొప్ప చెప్పుకున్నానే, ఆ కత్తి.

కత్తి చేసింది పోదని నేను చేతులెత్తేశాను. నాగేష్ ఎత్తలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. గీకినా అడుగున పలుచగా వెండి మిగిలే ఉంటుంది కదా మేడమ్, మన కంటికి ఆననంత తేడాను యంత్రం చూడగలదు అన్నాడు. ఆ ఒక్క చోటనే వెలుగు మార్చి మార్చి మూడు స్కాన్‌లు తీసి, వాటిని కలిపి, అక్కడి తేడాను మాత్రం పెంచుకుంటూ పోయాడు. సాయంత్రం నాలుగింటికి గట్టు కనిపించింది. పూర్తిగా కాదు, సగం. నెలవంక లాగా. దాని పక్కనే నా కత్తి గాట్లు కూడా పైకి తేలాయి.

శనివారం కరుణకుమారి గారిని పిలిచి తెర మీద చూపించాం. మిగతా సగం వేరే గుంట నుంచి కాపీ చేసి అతికిస్తానని, గాట్లు చెరిపేస్తానని నాగేష్ అన్నాడు. ఆవిడ తలూపలేదు. “వద్దు బాబూ. ఉన్నంతే ఉంచు. ఆ గాట్లు కూడా ఉంచు, అమ్మగారివి” అన్నారు. అమ్మగారివి అంటే నావి.

కంప్యూటర్ ప్రింటర్ సిరాతో వేసిన ప్రింటు నాకు నచ్చలేదు. నలుపులో లోతు లేదు. ఫొటోగ్రఫీ కోర్సు పిల్లల కోసం మా స్టూడియోలో చిన్న డార్క్ రూమ్ ఇంకా నడుస్తోంది. అక్కడ వెలుగు సోకితే బొమ్మ పట్టే బ్రోమైడ్ కాగితం ఉంది. అప్పుడు ఇద్దరి విద్యనూ కలిపాం. నాగేష్ సరిచేసిన బొమ్మను తిరగేసి, పారదర్శకమైన షీటు మీద పెద్ద నెగటివ్‌గా ముద్రించాడు. నేను దాన్ని బ్రోమైడ్ కాగితం మీద పరిచి, పైన గాజు పలక పెట్టి, లెక్కపెట్టి తొమ్మిది సెకన్లు దీపం వేశాను. కరుణకుమారి గారు తానూ లోపలికి వస్తానన్నారు. ఎర్ర దీపం కింద, ట్రే పక్కన, స్కూలు పిల్లలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

డెవలపర్ ద్రావకంలో వేసిన కాగితం మీద అన్నిటికంటే నల్లనివి ముందు వస్తాయి. జుట్టు వచ్చింది. కళ్లు వచ్చాయి. ఆ తర్వాత, ఇంకా బుగ్గలూ ముక్కూ రాకముందే, తెల్లటి కాగితం మీద మచ్చలు వచ్చాయి. ఒకటి, పది, నూరు. చర్మం అన్నిటికన్నా చివర వాటి చుట్టూ చేరింది. ఈ క్రమం నాకు నలభై ఏళ్లుగా తెలుసు. ముఖాన మచ్చలున్న మనిషి అలా రావడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. డార్క్ రూమ్ దాకా వచ్చేసరికి ఎవరికీ మచ్చలుండేవి కావు మరి. పక్కన కరుణకుమారి గారు “అమ్మా” అన్నారు. నన్ను కాదు. తడి కాగితం మీద వేలు పెట్టబోయి, పాడవుతుందేమోనని ఆగారు. పెట్టండి టీచర్ గారూ, ఇంకోటి వేసుకుందాం అన్నాను. పెట్టారు.

ఆ వేలిముద్ర పడిన ప్రింటునే ఆవిడ తీసుకున్నారు. రెండోది వేస్తానంటే వద్దన్నారు. పఠన మందిరం గోడకు మాత్రం కడగకముందు స్కాన్ చేసిన నున్నటి ముఖాన్నే పెద్దది చేయమన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంత చేసి మళ్లీ అదేనా అని అడిగాను. “నలుగురూ నన్ను ఇలా చూడాలని అమ్మ వీధి వీధీ తిరిగింది కదండీ. ఆవిడ మాట కాదనడానికి నేనెవర్ని? ఇది నా ఒక్కదానికి” అని ప్రింటును చీర కొంగు చాటున పెట్టుకున్నారు.

మూడు వారాల తర్వాత మధ్యాహ్నం పూట ఫోన్ చేశారు. ప్రారంభం బాగా జరిగిందని చెప్పి, “అమ్మ వచ్చిందండీ” అన్నారు. గిన్నెలు తోముకుంటుంటే ఉన్నట్టుండి గుర్తొచ్చిందట. ఊడుపుల నుంచి వచ్చి, గట్టు మీద కాళ్లు కడుక్కుంటూ, పమిటతో ముఖం తుడుచుకుంటూ, ఎవరి మాటకో పకపకా నవ్వుతోందట. “గోడ మీద ఉన్నదీ కాదు, నా దగ్గర ఉన్నదీ కాదండీ. ఫొటోలో అమ్మ నవ్వలేదు కదా” అన్నారు. అవును, నవ్వలేదు. ఆ ముఖాన్ని మా స్టూడియో తీయలేదు, నేను దిద్దలేదు.

ఆ తర్వాత నేను విభాగంలో ఉన్నది పది నెలలు. ప్రతి నెగటివ్‌కూ కడగకముందు ఒక స్కాన్, అవసరమై కడిగితే తర్వాత మరొకటి తీసి, రెండూ దాచే పద్ధతి పెట్టాం. బ్లాక్ అండ్ వైట్‌కు దుమ్ము టిక్కు తీసేయాలని నాగేష్ యంత్రం మీద పెద్ద అక్షరాలతో అంటించాడు. నేను రిటైరైన రోజున, తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసి ఇచ్చిన సూచనల కాగితంలో చివరి వాక్యం ఇది: మచ్చ కనిపిస్తే చెయ్యి వేయకముందు అడగండి, ఆ మనిషిని ఒకసారి, ఆ మనిషిని ముట్టుకుని పెరిగినవాళ్లను ఒకసారి. నేను ఎవరినీ అడగకుండానే ఉద్యోగమంతా చేశాను. పని మాత్రం బాగానే చేశాను.